పుల్లమజ్జిగ పోసిన కరివేపాకు చెట్టు

మా పక్కింటి శరభయ్యగారి పెరట్లో కరివేపాకు చెట్టు ఎండిపోయింది. చెట్టన్నాక ఎండుతుంది, దానికింత గొడవ ఎందుకమ్మా అంటారేమో. ఆ చెట్టు ఎండటం వల్ల ఒక బంగారంలాంటి పిల్ల బతుకు ఎలా చిక్కుబడిపోయిందో వింటే మీరూ నాలాగే పళ్లు నూరుతారు. నాకైతే ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

నా పేరు భూలక్ష్మి. మాది కొబ్బరితోట, కాస్త వరి. ఊరు కొత్తపేటకి దగ్గర్లోనే, కాలవగట్టు మీద. మాకూ శరభయ్యగారికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డు. ఆయన వేదం చదువుకున్న ఘనాపాఠి. మనిషి మహా మెత్తన. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. అదే వచ్చిన చిక్కు. అరిచేవాడితో మనమూ నాలుగు అరవచ్చు. "అలా కానియ్యి తల్లీ" అనే మనిషితో ఏం పెట్టుకుని దెబ్బలాడతాం? ఆయన కొడుకు నాగసాయి మా ఊరి శివాలయంలో అర్చకుడు. తండ్రి మాటకి తల ఊపడం తప్ప ఆ అబ్బాయికి ఇంకో విద్య రాదు. శరభయ్యగారి భార్య రుక్మిణమ్మగారిని నేను వదినగారూ అని పిలుస్తాను. కోడలు జ్యోతిర్మయి. ఆ పిల్ల గురించే నేను చెప్పబోయేది.

ఆలమూరు పిల్ల. లెక్కల్లో డిగ్రీ, ఆ పైన బీఎడ్. పెళ్లిచూపుల్లోనే తల వంచుకుని, "నేను ఉద్యోగం చేసుకోవచ్చాండీ?" అని అడిగిందట. మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే రుక్మిణమ్మగారే అందుకుని, "ఎందుకు చేసుకోకూడదే? వంటిల్లు నేను చూసుకుంటాను, నువ్వు సుబ్బరంగా వెళ్లి రా" అన్నారట. అలా కొత్తపేటలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరింది. పొద్దున్నే ఆటో ఎక్కేటప్పుడు చూడాలి దాన్ని. ఇంట్లో ఉందో లేదో తెలియనంత నెమ్మదిగా ఉండే పిల్ల, ఆటోలో కూర్చోగానే "ఒరేయ్, నిన్నటి లెక్క చేశావా, మళ్లీ అన్నయ్య చేత చేయించావా?" అని పిల్లల్ని దబాయించేది. వాళ్లు కిలకిలా నవ్వేవారు. సాయంత్రం ఆటో దిగి గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఆ గొంతు మళ్లీ లోపలికి వెళ్లిపోయేది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఆడది నెలకి మూడు రోజులు బయట ఉండాలి. బయటంటే పెరటివైపు వసారాలో. చాప వేరు, చెంబు వేరు, కంచం వేరు. ఎవరినీ తాకకూడదు, వంటింటి గడప తొక్కకూడదు, మొక్క మీద చెయ్యి వెయ్యకూడదు. ఈ రోజుల్లో కూడానా అని బుగ్గలు నొక్కుకోకండి. చాలా ఇళ్లలో పోయింది, వాళ్లింట్లో పోలేదు, అంతే. ఆ మూడు రోజులూ కూడా జ్యోతి బడికి వెళ్లేలా రుక్మిణమ్మగారే దారి చేశారు. వసారాలోంచి పెరటి తలుపు గుండా సందులోకి, సందులోంచి ఆటోలోకి. సాయంత్రం మళ్లీ అదే దారిన వసారాలోకి. మగవాళ్లు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. ఎవరి మర్యాద వాళ్లకి దక్కింది, పిల్ల ఉద్యోగం నిలబడింది.

ఆ వసారా పక్కనే కరివేపాకు చెట్టు ఉండేది. రుక్మిణమ్మగారు కాపరానికి వస్తూ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పిలక అది. పెంకుల చూరు దాటి ఎదిగింది. కరివేపాకు కూడా నిమ్మ, దబ్బ, మారేడు చెట్ల వర్గానిదేనని, అందుకే ఆకు నలిపితే అంత ఘాటని జ్యోతే ఒకసారి నాకు చెప్పింది. వదినగారికి ఆ వర్గాలూ అవీ తెలియవు గానీ, పెంచడం తెలుసు. కొసలు తుంచితే పక్కలకి గుబురు కడుతుందని తుంచేవారు. తెల్లటి పూలగుత్తులు ఎక్కువైతే ఆకు చిన్నబోతుందని తీసేసేవారు. పిట్టలకి పళ్లు ఉండాలని పైన రెండు కొమ్మలు మాత్రం వదిలేవారు. ఆ నల్లటి పళ్ల కోసం పిగిలిపిట్టలు వచ్చి నానా రభస చేసేవి. ఆకుపచ్చ పురుగు కనిపిస్తే పుల్లతో ఏరి అవతల పారేసేవారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక గిన్నెలో మిగిలిన మజ్జిగని పులియబెట్టి మర్నాడు చెట్టు మొదట్లో పోసేవారు. మా వైపు ఏ ఇల్లాలిని అడిగినా ఇదే చెబుతుంది, కరివేపాకుకి పుల్లమజ్జిగని మించిన ఎరువు లేదని.

వీధి వీధంతా ఆ చెట్టు ఆకే వాడుకునేది. పోపులోకి, పులిహోరలోకి, కారప్పొడిలోకి, కొబ్బరినూనెలో కాచి తలకి రాసుకోవడానికి. ఎవరు అడిగినా రెబ్బలు తుంచి గోడ మీద పెట్టేవారు. చేతికి మాత్రం ఇవ్వరు, ఇస్తే ఇద్దరికీ పోట్లాట వస్తుందట. మా పెరట్లో ఉన్న చెట్టు కూడా దాని పిలకే. గోడ కింద నుంచి వేరు పాకి దానంతటదే లేచింది.

శివరాత్రి వెళ్లేసరికి వాళ్ల చెట్టుకి ఆకుల అంచులు మాడటం మొదలైంది. తర్వాత చెయ్యి తగిలితే చాలు, ఆకు జలజలా రాలిపోయేది. కొమ్మ తర్వాత కొమ్మ వట్టిపోయింది. రుక్మిణమ్మగారు ఇంకాస్త మజ్జిగ పోశారు. చెట్టు ఇంకాస్త ఎండింది. ఒకరోజు శరభయ్యగారు చెట్టు చుట్టూ తిరిగి, తల పంకించి, "దీనికి మైల తగిలింది" అన్నారు.

మైల అనగానే అందరి చూపూ ఎటు వెళ్లిందో వేరే చెప్పాలా? ఆయన కోడల్ని పిలిచి, ఎంతో ఆప్యాయంగా చెప్పేరట. "అమ్మా జ్యోతీ, నిన్ను తప్పు పట్టడం లేదు. తెలిసి చేసిన పని కాదు. ఆ రోజుల్లో పదిమందిలో తిరిగి వచ్చి ఇక్కడ కూర్చుంటున్నావు. చెట్టు తట్టుకోలేకపోయింది. ఇక నుంచి ఆ మూడు రోజులూ బడి మానేసి ఇంటిపట్టునే ఉండు. మిగతా రోజులు నీ ఇష్టం తల్లీ."

మిగతా రోజులు నీ ఇష్టమట! పదో తరగతి పిల్లలకి పబ్లిక్ పరీక్షలు నెత్తి మీదున్నాయి. జ్యోతి వెళ్లి ప్రిన్సిపాల్‌ని బతిమాలుకుంది. ఆయన కూడా మర్యాదస్తుడే. "నెలనెలా మూడు రోజులు సెలవంటే మాకు కష్టం మేడమ్. రాగలిగితే పూర్తిగా రండి, లేకపోతే వేరేవాళ్లని చూసుకుంటాం" అన్నాడు. మొగుడితో చెప్పుకుంటే, "నాన్నగారు చెప్పేరు కదా" అన్నాడు. అయిపోయింది. మళ్లీ బయట చేరే రోజు వచ్చేలోపు ఏదో ఒక దారి దొరక్కపోతే ఉద్యోగం పోయినట్టే.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. గోడ దగ్గర నిలబడి శరభయ్యగారినే అడిగేశాను.

"పంతులుగారూ, మా చెట్టు మీ చెట్టు పిలకే కదండీ. మా ఇంట్లో ఈ పట్టింపులేవీ లేవు. ఏ రోజైనా మేమే తెంపుకుంటాం. మరి దానికేం కాలేదేంటండీ?"

ఆయన చిరునవ్వు నవ్వి, "మీ ఇంటి పద్ధతి మీదండీ భూలక్ష్మిగారూ. మీ చెట్టు మీ పద్ధతికి అలవాటు పడి ఉంటుంది" అన్నారు. చెట్టుకి కూడా ఇంటిపేరు పెట్టేశాడు మహానుభావుడు! నేను "ఆయ్, అలాగేనండీ" అని వచ్చేసి, ఆ కోపమంతా మా ఇంట్లో గిన్నెల మీద చూపించాను.

మర్నాడు సాయంత్రం జ్యోతి గోడ దగ్గరికి వచ్చింది. ఎండుతున్న కొమ్మ ఒకటి మా వైపు వాలి ఉంటే తుంచి చూశాను. ఆకుల అంచులు కాల్చినట్టు మాడి ఉన్నాయి, మధ్యలో మాత్రం ఇంకా పచ్చదనం ఉంది. ఎక్కడో చూసినట్టు అనిపించింది.

"ఏమే జ్యోతమ్మా, మా పుట్టింటి వైపు, మలికిపురం అవతల, ఎండాకాలంలో కాలవలోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. అప్పుడు కొబ్బరిమొక్కలు అచ్చం ఇలాగే మాడతాయి. మీ పెరట్లోకి ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందే?" అన్నాను.

ఆ పిల్ల చెట్టు మొదట్లో చతికిలబడి, నేల మీద తెల్లగా పేరుకున్నదాన్ని గోటితో గీకి నాలిక మీద వేసుకుంది. తుపుక్కున ఉమ్మేసింది.

"మజ్జిగ పిన్నిగారూ" అంది.

"మజ్జిగేంటే?"

అప్పుడు చెప్పింది. గుడిలో స్వామికి నైవేద్యం వాళ్లింట్లోనే వండుతారు, అది అయ్యేదాకా దేన్నీ రుచి చూడకూడదు. పప్పయినా, పులుసైనా రుక్మిణమ్మగారి చెయ్యే కొలత. అన్నేళ్ల అలవాటు మీద ఉప్పు సరిగ్గానే పడుతుంది. నైవేద్యంతో సంబంధం లేనిది మజ్జిగ ఒక్కటే. నైవేద్యం గుడికి వెళ్లాక, ఆవిడ చారెడు మజ్జిగ నోట్లో పోసుకుని చూసి మరీ ఉప్పు వేస్తారు. ఆ నోటికి ఉప్పు తెలియడం మానేసింది. చప్పగా ఉందని వేస్తారు, మళ్లీ చప్పగానే ఉంటుంది, మళ్లీ వేస్తారు. రుచి చూసి చేసే ఒక్క పనే తప్పిపోతోంది!

"మరి తాగేవాళ్లకి తెలియదుటే?" అన్నాను.

"మావయ్యగారు ఔపోసన పట్టేక మాట్లాడరండీ. తిన్నాక కూడా అన్నానికి వంక పెట్టకూడదంటారు. గుక్కెడు తాగి వదిలేస్తారు. ఆయనా అంతే. నేను మామూలు రోజుల్లో బాక్సు పట్టికెళ్లిపోతాను. వసారాలో ఉన్న రోజుల్లో సాయంత్రం రాగానే నాక్కూడా గ్లాసుతో ఇచ్చేవారు. నోట పెట్టలేకపోయేదాన్ని. అత్తయ్యగారు చిన్నబుచ్చుకుంటారని చెప్పకుండా ఈ చెట్టు మొదట్లోనే పారబోసేదాన్ని."

తాగకుండా అందరూ వదిలేసిన మజ్జిగంతా చెట్టే తాగింది. ఒక్కరంటే ఒక్కరు "ఉప్పగా ఉందండీ" అని ఉంటే ఆ చెట్టు బతికేది. ఈ మర్యాదలు తగలెయ్యా!

"ఇంకేం! వెళ్లి చెప్పు. నీ నెత్తిన పడ్డ మైల తీసి అవతల పారెయ్యి" అన్నాను సంబరంగా.

జ్యోతి నవ్వింది. ఏడుపు కన్నా అన్యాయంగా ఉంది ఆ నవ్వు.

"చెబితే ఏమవుతుందండీ? నాలిక చచ్చిన మనిషి చేత దేవుడికి వండించకూడదంటారు. అత్తయ్యగారిని వంటింట్లోంచి లేపేస్తారు. ఆ తర్వాత మడి కట్టుకుని ఆ పొయ్యి ముందు కూర్చునేది ఎవరు? నైవేద్యం వేడివేడిగా గుడికి వెళ్లే వేళకే నాకు బడి. చెప్పకపోతే మూడు రోజులకి ఉద్యోగం పోతుంది. చెబితే మొత్తానికే పోతుంది. అత్తయ్యగారికి ఉన్నది ఆ వంటిల్లొక్కటే, అదీ పోతుంది."

లెక్కల టీచరు కదా, అటూ ఇటూ వేసి చూసుకుంది. ఎటు వేసినా తనకి సున్నాయే వస్తోంది.

"నేను చెప్పనండీ. మీరూ చెప్పకండి" అని నా దగ్గర మాట తీసుకుని లోపలికి వెళ్లింది.

తర్వాత కొద్దిరోజులకే జ్యోతి బయట చేరింది. పొద్దున్న నేను పూలు కోసుకుంటున్నాను. వసారాలో గోడకి ఆనుకుని కూర్చుంది. పక్కన చాప, చెంబు. సందులో ఆటో వచ్చి హారన్ కొట్టింది, ఇంకోసారి కొట్టింది, వెళ్లిపోయింది. కాసేపటికి జ్యోతి ఫోన్ మోగింది. అవతల ఎవరో ఆడపిల్ల గొంతు, గోడ ఇవతలికి కూడా వినిపించింది. "మేడమ్, ఇవాళ రారా? నాకు త్రికోణమితి ఏమీ అర్థం కావట్లేదు మేడమ్, పరీక్షలో తప్పిపోతాను" అని ఏడుస్తోంది. జ్యోతి "ఏడవకమ్మా, ఏడవకు" అంటూ తను కళ్లు తుడుచుకుంటోంది.

వంటింటి తలుపు దగ్గర తడిచీరతో రుక్మిణమ్మగారు నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు. గబగబా ముందువైపు అరుగు మీద ఉన్న భర్త దగ్గరికి నడిచారు. ఆవిడ గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు.

"ఏవండీ, చెట్టుకి ఏ మైలా తగల్లేదు. నా మజ్జిగే దాన్ని చంపింది. ఏడాది నుంచి నా నాలిక్కి ఉప్పూ పులుపూ ఏమీ తెలియడం లేదు. చెబితే పొయ్యి ముందు కూర్చోనివ్వరని దాచేను. మొన్న గోడ దగ్గర ఇది భూలక్ష్మితో చెప్పుకుంటుంటే విన్నాను. అన్నీ తెలిసి కూడా నాకోసం నోరు మూసుకుంది. ఆ పాపం నాకొద్దు. దాన్ని బడికి వెళ్లనివ్వండి."

శరభయ్యగారు "వెళ్లి రమ్మను" అన్నారు.

నాకు పూలసజ్జ అక్కడే పారేసి చప్పట్లు కొట్టాలనిపించింది. జ్యోతి ఆ పెరటి తలుపులోంచి పరుగెత్తిన పరుగు చూడాలి! మా అబ్బాయి మోటార్‌సైకిల్ మీద నేనే పంపించాను. వదినగారు వసారా అంచున నిలబడి చూస్తూ ఉండిపోయారు. చెప్పొద్దూ, ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

ఆ సంబరం ఎంతసేపు? ఆ సాయంత్రమే శరభయ్యగారు భార్యనీ కొడుకునీ కూర్చోబెట్టి, కోడలు వసారాలోంచి వింటూ ఉండగా తీర్పు చెప్పేరు. తీర్పని ఆయన అనుకోరు పాపం, దయ అనుకుంటారు. "పిచ్చిదానా, ఇంత బాధ కడుపులో పెట్టుకుని ఎలా తిరిగేవు? మజ్జిగ ఉప్పగా ఉందని నేనైనా చెప్పి ఉండాల్సింది" అని భార్యని ఓదార్చేరట. కోడల్ని, "నిన్ను అనవసరంగా అనుమానించేనమ్మా, మనసులో పెట్టుకోకు" అన్నారట. ఆ తర్వాత, "ఇన్నేళ్లు రెక్కలు ముక్కలు చేసుకుంది మీ అత్తగారు. ఇక ఆవిడకి విశ్రాంతి ఇద్దాం. నాలిక తెలియని మనిషి చేత స్వామికి వండించడం కూడా మంచిది కాదు. నువ్వు స్నానం చేసి లోపలికి వచ్చిన రోజు నుంచి వంటిల్లు నీది తల్లీ" అన్నారట. కోడలికి పెద్దరికం ఇచ్చేశానని ఆయన మొహం వెలిగిపోయిందని జ్యోతే చెప్పింది.

ఇంటి తాళాలు చేతికిచ్చినట్టే ఇచ్చి లోపల పెట్టి తలుపేశాడు పెద్దాయన.

పరీక్షలు అయ్యేదాకా ఆగమని వాళ్లత్తగారు బతిమాలితే, "స్వామి నైవేద్యానికి వాయిదా ఏమిటి రుక్మిణీ?" అన్నారట. జ్యోతి బడి మానేసింది. పిల్లలు ఆటోలో వెళుతూ సందు మొగలో "మేడమ్!" అని కేక పెట్టేవారు. ఆ వేళకి ఆ పిల్ల తడిచీరతో పొయ్యి ముందు ఉండేది, పలికేది కాదు. రుక్మిణమ్మగారు వసారాలో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకునేవారు. "ఏం చెయ్యాలో తోచడం లేదు భూలక్ష్మీ" అన్నారు ఒకసారి. ఎండిన చెట్టుని కొట్టించేశారు. ఇప్పుడు వాళ్ల చారులోకి కూడా మా చెట్టు ఆకే. రెబ్బలు కోసి గోడ మీద పెడతాను.

ఆమధ్య జ్యోతి వసారాలో కనిపించింది. బయట చేరినట్టుంది.

"ఈ మూడు రోజులూ వంటెవరే?" అని అడిగాను.

"అత్తయ్యగారేనండీ. మజ్జిగలో ఉప్పు మాత్రం ఆయన వేస్తారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆ చిటికెడు ఉప్పేదో మీ ఆయన రోజూ వెయ్యొచ్చు కదే! మీ అత్తగారి పొయ్యి ఆవిడకి ఉండేది, నీ బడి నీకు ఉండేది. దేవుడికి కూడా ఈ మూడు రోజులూ పనికొచ్చిన వంట మిగతా రోజుల్లో పనికిరాదుటే?"

"అడిగేనండీ."

"ఏమన్నాడు?"

"రోజూ అంటే ఎలా కుదురుతుంది అన్నారండీ."

ఆ పిల్ల మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని కొంచెంసేపు సందువైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి నవ్వింది.

"ఒకటి మాత్రం జరిగిందండీ పిన్నిగారూ. చెట్టు విషయం తేలిపోయింది కదా, నా మైల వల్ల ఏమీ కాదని మావయ్యగారు ఒప్పేసుకున్నారు. ఈ మూడు రోజులూ నాకు వంట కూడా ఉండదు. కావాలంటే బడికి వెళ్లి రావచ్చమ్మా అన్నారు."